ఆ స్వెట్టర్ ఎప్పుడిచ్చారు?

మా ఆయన ఆ ముసలాయన్ని వెంటబెట్టుకుని నా ఆఫీసు గదిలోకి వచ్చినప్పుడు నేను ఒక గోడ తగాదా కేసు చూసుకుంటున్నాను. ముసలాయన్ని నేనెప్పుడూ చూడలేదు. కానీ ముక్కు చూసి గుర్తుపట్టాను. మా పెళ్ళయిన కొత్తలో మా ఆడపడుచు ఒక పాత ఫోటో పట్టుకొచ్చి, "వదినా, అన్నయ్య చేసుకుంటానని పట్టుబట్టిన పిల్ల ఇదిగో, చూశావా" అని చూపించింది. ఎంత ప్రేమో నా మీద! అదిగో ఆ పిల్లకీ ఇదే ముక్కు. ఇన్నేళ్ళయినా అది నా కళ్ళముందునుంచి కదల్లేదు.

"ఈయన కూతురు కనపడటం లేదు," అన్నాడు మా ఆయన. కూతురి పేరు చెప్పలేదు. నా ముందు ఆ పేరు ఎప్పుడూ ఎత్తడు. ఎత్తకపోవడమే నాకు ఒళ్ళు మంట. మనసులో ఏమీ లేనివాళ్ళు పేరు పెట్టి మామూలుగా మాట్లాడతారు కదా!

ముసలాయన కుర్చీ అంచున కూర్చున్నాడు. "మొన్న పొద్దున డ్యూటీకని బయల్దేరిందమ్మా. ఆస్పత్రికి చేరలేదు. వీధి మలుపులో వ్యాను ఆగిందనీ, ఇద్దరు దిగి ఎక్కించారనీ టీకొట్టాయన చెప్పాడు. నాకైతే చెప్పాడు గాని ఇంకెవరికీ చెప్పనంటున్నాడు. పిల్లలు గలవాణ్ణి, నన్ను లాగకండి అన్నాడు. స్టేషన్‌కి వెళ్తే మాకు తెలీదు పొమ్మన్నారు."

ఎందుకు ఎక్కించారో ఊరందరికీ తెలుసు. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. లాకప్‌లోంచి వచ్చేవాళ్ళ దెబ్బలు ఉన్నవి ఉన్నట్టు రికార్డులో రాస్తుందని పోలీసులకు ఏనాటినుంచో కంటగింపు. స్టేషన్ లాకప్‌లోంచి తెచ్చిన ఒక మనిషి గుండెపోటుతో పోయాడని పోలీసులు ప్రకటించారు. ఆ మనిషి ఒంటిమీద గుడ్డలు మార్చింది ఈవిడ. వీపంతా కమిలిపోయి ఉండటం చూసింది. చూశానని పత్రికవాళ్ళకు చెప్పింది. పేరు వెయ్యొద్దని అడగొచ్చుగా, అదీ అడగలేదు. పేరుతో సహా వేశారు, ఫోటోతో సహా. ఆ పత్రిక మా ఆయన మడతపెట్టి తన పుస్తకాల మధ్య పెట్టుకోవడం నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను, అదే నా గొప్ప.

నిజం చెప్పాలంటే ఆ ధైర్యం చూసి కూడా నాకు కుళ్ళే. నేను లాయర్ని. నల్లకోటు తొడుక్కుంటాను. అయినా ఈ ఊళ్ళో పోలీసుల పేరెత్తాల్సి వస్తే గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని. ఆవిడ పాటికి ఆవిడ తెల్ల యూనిఫాంలో నిలబడి చెప్పేసింది. మహాతల్లి!

"వేరే లాయర్లను అడిగారా?" అన్నాను.

"అడిగాం," అన్నాడు మా ఆయన నేల చూస్తూ. "ఎవరూ ఒప్పుకోలేదు."

అంటే అందరూ కాదన్నాక నా దగ్గరికి తెచ్చాడన్నమాట! ఇంట్లో లాయర్ని పెట్టుకుని ఊరంతా తిరిగాడట. నాకు తల కొట్టేసినట్టయింది. "నేను కాదంటాననుకున్నారా?" అని అడిగాను. అప్పుడే వకాలత్ కాగితం తీసి ముసలాయన చేతిలో పెట్టాను. సంతకం ఇక్కడ పెట్టండి బాబాయ్‌గారూ అన్నాను. కాదంటే నాకు అసూయ అని ఒప్పుకున్నట్టవుతుంది. చచ్చినా ఒప్పుకోను.

ఈ కేసుల్లో ఒక చిత్రం ఉంటుంది. పోలీసులు మనిషిని పట్టుకుంటే రోజు తిరిగేలోగా మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. కాబట్టి పట్టుకోలేదనేస్తారు. పట్టుకోని మనిషికి రోజూ లేదు, లెక్కా లేదు. అప్పుడు పెద్ద కోర్టుకి వెళ్ళి, మనిషిని తెచ్చి చూపించమని ఆర్డరు అడగాలి. హెబియస్ కార్పస్ అని పత్రికల్లో రాస్తారే, అది. చదువుకునేటప్పుడు బట్టీపట్టడమే తప్ప, నా చేత్తో నేనెప్పుడూ వెయ్యలేదు.

మొదటి వాయిదా రోజున ప్రభుత్వ లాయరు లేచాడు. ఆయన్ని మా లాయర్ల బార్‌లో అందరూ మైకు అంటారు, గొంతు అలాంటిది. "ఆ నర్సుని పోలీసులు అరెస్టు చెయ్యలేదు. పిలవలేదు. ఆమె మీద ఏనాడూ నిఘా కూడా పెట్టలేదు. ఆమెతో పోలీసులకు పనే లేదు," అని అఫిడవిట్ చదివాడు. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "పెళ్ళికాని ఆడమనిషి. ఎవరితో వెళ్ళిందో ఏమో. అలాంటివన్నీ కోర్టు వెతికిపెట్టాలంటే ఎలా?" అన్నాడు.

జడ్జిగారు వయసైన మనిషి, మాటలు తక్కువ. వారం రోజులకు వాయిదా వేశారు. ముసలాయన వరండాలో నా చెయ్యి పట్టుకుని, "వారమా అమ్మా? దానికి అప్పటికే ఒంట్లో బాగాలేదు," అన్నాడు. మా ఆయన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన మొహం చూడాలనిపించలేదు.

ఆ వారం నాకు నరకం. ఆస్పత్రి గేటు ముందు నర్సులు ఆవిడ ఫోటోలు పట్టుకుని నిలబడ్డారు. బస్సెక్కితే ఆవిడ మాటే. కూరగాయల కొట్లో కూడా, "ఎంత గుండె నిబ్బరమండీ ఆ అమ్మాయిది," అని నాకే చెప్పింది కొట్టావిడ. కోర్టు గుమ్మాలు ఎక్కుతూ దిగుతూ కాళ్ళు అరగదీసుకుంటున్నది నేను. నా గురించి ఒక్కరంటే ఒక్కరు? ఊహూ!

ఇంట్లో మా ఆయన కంచంలో చెయ్యి పెట్టడం, కలపడం, లేచిపోవడం. నాకు టైఫాయిడ్ వచ్చి మంచాన పడ్డప్పుడు ఈ మనిషి రెండు పూటలా సుబ్బరంగా భోంచేశాడు. స్కూల్లో పిల్లలు లెక్కలు ఎలా చేస్తున్నారో మంచం పక్కన కూర్చుని కథలు కథలుగా చెప్పాడు. ఇప్పుడేమో గొంతు దిగదట.

వాయిదాకి రెండ్రోజుల ముందు ఒక పోలీసు ఆఫీసరు నా గదికి వచ్చాడు, మామూలు బట్టల్లో. చాలా మర్యాదస్తుడు. కూర్చోమనేదాకా కూర్చోలేదు. మంచినీళ్ళు ఇస్తే థాంక్స్ చెప్పి తాగాడు.

"మేడం, మీరు చదువుకున్నవాళ్ళు, సంసారం గలవాళ్ళు. మీకు తెలియకుండా మిమ్మల్ని వాడుకుంటుంటే చూడలేకపోయాను," అని ఒక కవరు బల్లమీద పెట్టాడు. "ఈ కేసులో ఉంటారో మానుకుంటారో మీ ఇష్టం. ఇవి చూశాక నిర్ణయించుకోండి. చివరిది జాగ్రత్తగా చూడండి. అది మీకే బాగా అర్థమవుతుంది." నమస్కారం పెట్టి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళాడు.

కవరులో ఫోటోలు. పైనుంచి తీసినవి, ఎదురింటి మేడ మీద కిటికీలోంచి. చిన్న వీధి, చిన్న గేటు, మూడు మెట్లు. ఆ మెట్ల మీద మా ఆయన. గొడుగు విదిలిస్తూ మా ఆయన. లోపలి గదిలో కిటికీ పక్కన టీ గ్లాసు పట్టుకుని మా ఆయన, ఎదురుగా ఆవిడ. ఎండాకాలం బట్టల్లో ఉన్నాడు, చలికాలం బట్టల్లోనూ ఉన్నాడు. అంటే ఏడాది పొడుగునా! పత్రికలో ఆవిడ పేరు రాకముందునుంచే ఎవరో అక్కడ కూర్చుని తీస్తున్నారు. కానీ అప్పుడు నాకు ఆ సంగతి తట్టలేదు. ఒక ఫోటోలో ఆయన నవ్వుతున్నాడు. తల వెనక్కి వేసి, పళ్ళన్నీ కనపడేలా. మా ఇంట్లో ఆయన నవ్వు పెదవి దాటి బయటికి రాదు. అది ఆయన స్వభావమనుకుని ఇన్నేళ్ళు సర్దుకున్నాను. కాదన్నమాట. నవ్వు ఉందిట, మా ఇంటికి తేవడం లేదంతే.

చలికాలం ఫోటోల్లో ఆయన వేసుకున్నది నేను అల్లిన స్వెట్టర్. బస్సుల్లో, బార్ రూములో, వాయిదా పిలుపు కోసం బెంచీల మీద కూర్చుని అల్లాను. ఎడమ చేతికి వచ్చేసరికి గోధుమరంగు ఊలు అయిపోయింది, కొట్లో దొరకలేదు, మోచేతి దగ్గర నీలం పట్టీ వేశాను. అలాంటిది ఇంకొకటి ఈ లోకంలో లేదు. చివరి ఫోటో తీశాను. అందులో ఆ స్వెట్టర్ ఆవిడ ఒంటిమీద ఉంది. ఏదో గదిలో బెంచీ మీద ఒక్కతే కూర్చుంది. నీలం పట్టీ స్పష్టంగా కనపడుతోంది.

గుమాస్తా వచ్చి ఏదో అడిగితే, పొమ్మని కసిరాను.

సాయంత్రం మా ఆయన స్కూలునుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే ఫోటోలు ఆయన ముందు విసిరాను.

"యూనియన్ మీటింగా? గురువారం గురువారం యూనియన్ మీటింగు! ఏం యూనియనండీ అది? ఇద్దరే సభ్యులా?"

ఆయన వంగి ఒక్కొక్కటే ఏరాడు. మొహం పాలిపోయింది. "వెళ్ళేవాణ్ణి," అన్నాడు. "టీ తాగి, కాసేపు మాట్లాడుకుని వచ్చేసేవాణ్ణి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఇల్లు పీకి పందిరి వేస్తావు."

"ఇప్పుడు వెయ్యనా? చూడండి ఎలా వేస్తానో! ఏముంది అక్కడ? నా దగ్గర లేని మాటలేం ఉన్నాయి అక్కడ?"

ఆయన ఏరిన ఫోటోలు దొంతర పెట్టసాగాడు. నేను చివరి ఫోటో ఆయన ముక్కుకి తగిలేలా పట్టుకున్నాను. "మిగతావన్నీ పోనివ్వండి. ఇది నా చేత్తో అల్లింది. ఆ స్వెట్టర్ ఎప్పుడిచ్చారు?"

"అది..."

"నసగొద్దు. ఎప్పుడిచ్చారు?"

"ఆ రోజే. పొద్దున."

"ఏ రోజే?"

"ఆవిడ కనపడకుండా పోయిన రోజు. స్కూలుకి వెళ్తూ ఆగాను. జ్వరంతో వణికిపోతోంది. డ్యూటీ మానెయ్యమంటే వినలేదు. తీసి ఇచ్చేశాను. వేసుకుని బయల్దేరింది. నేను స్కూలు వైపు వెళ్ళిపోయాను."

"అబద్ధం!" అని అరిచాను. "ఆ రోజు చలి గాలి కొడుతోందని నేనే తొడిగాను మీకు. వద్దు వద్దంటుంటే గుమ్మం దగ్గర పట్టుకుని తొడిగాను. సాయంత్రం లేకుండా వచ్చారు. ఏదని అడిగితే స్టాఫ్ రూములో మర్చిపోయానన్నారు. దానికి కూడా పోట్లాడాను మీతో, గుర్తు లేదూ? ఆ రోజు పొద్దున అది మీ ఒంటిమీద..."

ఆయన ముక్కు దగ్గర్నుంచి ఫోటో వెనక్కి లాక్కున్నాను.

ఫోటో మళ్ళీ చూశాను. ఈసారి స్వెట్టర్ కాదు, మిగతాది. గోడకి కింద సగం ముదురు రంగు, పైన సున్నం. కిటికీ లేదు. బెంచీ కాలిమీద తెల్ల రంగుతో నంబరు వేసి ఉంది. అది ఆవిడ ఇల్లు కాదు, ఆస్పత్రీ కాదు. ఆవిడ మొహం ఉబ్బి ఉంది, జుట్టు రేగి ఉంది. ఎవరో తీసుకెళ్ళి కూర్చోబెట్టిన మొహం అది. నేను మధ్యాహ్నంనుంచి ఆ ఫోటోనే చూస్తున్నాను, మొహం మాత్రం చూడలేదు.

"మళ్ళీ చెప్పండి," అన్నాను. "ఆ పొద్దున ఇంట్లోంచి బయల్దేరిన దగ్గర్నుంచి. ఒక్క ముక్క వదలకుండా."

నేనింకా కొట్లాడుతున్నాననుకున్నాడు పాపం. కొట్లాడుతూనే ఉన్నాను. చేత్తో రాసుకుంటూ, నోటితో తిడుతూ.

స్వెట్టర్ ఆ రోజు పొద్దున నా ఇంట్లోంచి వెళ్ళింది. ఆవిడ ఆ పొద్దునే మాయమైంది. కాబట్టి ఆ ఫోటో తీసింది మాయమయ్యాకే. తీసినవాళ్ళ దగ్గరే మనిషి ఉంది. ఆ ఆఫీసరు ఎంత తెలివైనవాడంటే, పాత ఫోటోల్లో మా ఆయన స్వెట్టర్ని గుర్తుపెట్టుకుని, అదే ఆవిడ ఒంటిమీద ఉండటం చూసి, ఇది పెళ్ళాం కంట్లో కారం కొడుతుందని లెక్క వేసుకున్నాడు. కారం కొట్టింది కూడా. అయితే కంట్లో కారం పడ్డ ఆడది మొగుణ్ణి ఏమేం అడుగుతుందో ఆ లెక్కలో వేసుకోలేదు.

మా ఆయనకి సంగతి అర్థమయ్యాక, "ఇవి కోర్టులో పెడితే అందరూ చూస్తారు. నీ పరువు..." అన్నాడు.

"నా పరువా? మీదా?"

"ఇద్దరిదీ," అన్నాడు చిన్నగా.

చివరి ఫోటో ఒక్కటే పెడితే చాలదు. ఆ స్వెట్టర్ ఎవరిదో తెలియాలంటే మిగతావీ పెట్టాలి. నిఘా పెట్టలేదన్న అఫిడవిట్ అబద్ధమని తేలాలన్నా పెట్టాలి. ఆ నవ్వు ఫోటో మైకుగారి చేతిలోకి వెళ్తుంది. సాయంత్రానికి బార్ రూములో చెవులు కొరుక్కుంటారు. కవరు స్టవ్ మీద పెట్టి అగ్గిపుల్ల గీస్తే, నేనూ మా ఆయనా తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ ఇక కనపడకపోయినా కనపడకపోవచ్చు. నిజంగానే అనుకున్నాను అలా. మనసులో ఒక మూల అది తియ్యగా కూడా ఉంది.

కానీ ఆ కిటికీ నన్ను వదల్లేదు. ఎవడో ఒకడు జీతం తీసుకుని ఆ కిటికీలో కూర్చున్నాడు. నాకు దక్కని నవ్వు వాడు చూశాడు. మా ఆయన్ని ఏడాది పొడుగునా నాకంటే ఎక్కువగా వాడే చూశాడు. చూసి, దాచి, నా కడుపులో ఎక్కడ గుచ్చితే మండుతుందో కొలుచుకుని తెచ్చి ఇచ్చాడు. ఆవిడ మీద ఎంత మండిందో వాడి మీద అంతకు రెట్టింపు మండింది.

వాయిదా రోజు నేను లేచి, నల్లకోటు విప్పి బల్లమీద పెట్టాను. జడ్జిగారు చూశారు. "ఏమిటిది?" అన్నారు.

"యువర్ ఆనర్, ఈ కేసులో నేను సాక్షిని. సాక్షిగా చెప్పుకోనివ్వండి."

ఫోటోలు ఇచ్చాను. స్వెట్టర్ సంగతి చెప్పాను. నీలం పట్టీ ఎందుకు వచ్చిందో చెప్పాను. కవరు తెచ్చిన ఆఫీసరు వెనక వరసలో యూనిఫాంలో కూర్చున్నాడు, చెయ్యెత్తి చూపించాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అటువైపు చూడలేదు.

మైకు లేచాడు. ఫోటోలు తిప్పి తిప్పి చూశాడు. నవ్వు ఫోటో దగ్గర ఆగాడు, నాకు తెలుసు అక్కడే ఆగుతాడని.

"మేడం, ఇతను మీ భర్తేనా?"

"ఆయనే."

"ఇంత సంతోషంగా ఉన్నాడేం?"

"ఆ మాట నేనూ అడిగాను. జవాబు రాలేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. మైకు గొంతు పెంచాడు. "మీరు అసూయతో రగిలిపోతున్న భార్య. అవునా?"

"అవును."

"భర్త మీద అనుమానంతో మనిషిని పెట్టి ఈ ఫోటోలు మీరే తీయించారని నేనంటాను. ఇప్పుడు పోలీసుల మీదికి నెడుతున్నారు."

"అంత తెలివే ఉంటే ఇన్నాళ్ళూ యూనియన్ మీటింగులు నమ్మేదాన్నా సార్?" అన్నాను. ఈసారి అందరూ నవ్వారు. నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపంతో. "నా మొగుణ్ణి అనుమానించే హక్కు నాది. దాన్ని నేను పోలీసు డిపార్ట్‌మెంటుకి రాసివ్వలేదు. ఆయన ఎవరింట్లో టీ తాగితే వీళ్ళకేం? ఆవిడ ఎవరికి టీ ఇస్తే వీళ్ళకేం? నిఘా పెట్టలేదని ప్రమాణం చేసి అఫిడవిట్ ఇచ్చారు. ఇన్ని ఫోటోలు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా? పోనీ, మిగతావి నేనే తీయించాననుకుందాం. ఈ చివరి గది నాకెక్కడిది? బెంచీకి నంబరు వేసి ఇంట్లో పెట్టుకున్నానా?"

జడ్జిగారు ఆ చివరి ఫోటో కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "కడుపు మండి కేసు వదిలేస్తారని ఇచ్చారంటారు," అన్నారు నాతో.

"అవునండి."

"మండలేదా?"

"మండిందండి. ఇప్పుడూ మండుతోంది. అది వేరే సంగతి."

ఆయన ఫోటో ఎత్తి ఆఫీసరుకి చూపించారు. "ఈ గది ఎక్కడుందో మీకు తెలుసా?"

ఆఫీసరు మర్యాదగా లేచి నిలబడ్డాడు. మైకు వైపు చూశాడు. మైకు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"భోజనాల విరామం తర్వాత ఆ అమ్మాయి నా ఎదురుగా ఉండాలి," అన్నారు జడ్జిగారు. "వచ్చేదాకా మీరు ఈ హాలు దాటి వెళ్ళరు."

విరామం తర్వాత తెచ్చారు. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళ మధ్య నడిచి వచ్చింది. ఫోటోలో కంటే చిక్కిపోయింది. కళ్ళు తెరవడానికి కష్టపడుతోంది. వెలుతురు పడని మనిషిలా కాదు, నిద్రే లేని మనిషిలా. ముసలాయన లేవబోయి కూర్చుండిపోయాడు. మా ఆయన తలుపు దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకు వేశాడు. నేను చూస్తున్నానని తెలిసి ఆగాడు.

జడ్జిగారు అడగాల్సినవన్నీ అడిగారు. ఎవరు తెచ్చారు, ఎక్కడ ఉంచారు, కొట్టారా. ఆవిడ తూలుతూనే అన్నిటికీ జవాబు చెప్పింది. నిద్రపోనివ్వలేదని చెప్పింది. ఆఫీసరు మీద విచారణకు ఆర్డరు రాయించారు. చివరికి, "నువ్వు ఈ క్షణంనుంచి స్వేచ్ఛగా వెళ్ళొచ్చమ్మా. మీ ఇంటికి వెళ్తావా?" అన్నారు.

"మా ఇంటి ఎదురుగా ఆ మేడ ఉందండి. ఇవాళ్టికి వద్దు."

"మరి ఎవరితో వెళ్తావు?"

ఆవిడ హాలంతా చూసింది. తండ్రిని చూసింది. మా ఆయన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. "నాన్నని తీసుకుని లాయరుగారింటికి వెళ్తాను," అంది.

నన్ను ఒక్క మాట అడిగితే కదా! కోర్టులో కాదనడానికి లేదు. కోటు భుజాన వేసుకుని బయటికి నడిచాను. వాళ్ళు నా వెనక వచ్చారు.

ఇంట్లో నా గదిలోనే పడక వేశాను. నా బట్టలే ఇచ్చాను, వదులయ్యాయి. ముసలాయన ముందు గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ చెప్తున్నాడు. మా ఆయన వంటింట్లో పాలు కాస్తున్నాడు. ఆయనకి పాలు కాయడం వచ్చని నాకు తెలియదు. నేను తలుపు వేశాను. సాయంత్రపు ఎండ మంచం మీద పడుతోంది, పరదా లాగాను. ఆవిడ మంచం మీద నిటారుగా కూర్చుంది. "నేను పడుకోవచ్చా?" అని అడిగింది. గోడకి ఆనుకోవచ్చా అని కూడా అడిగింది.

"మీ ఇల్లే అనుకోండి," అన్నాను. అనేసి నాలుక కరుచుకున్నాను.

ఆవిడకి నవ్వొచ్చింది. ఆ మొహంతో కూడా బాగుంది, నవ్వితే. నా గుండెల్లో భగ్గుమంది. అడగాల్సింది ఒక్కటే ఉంది. పెళ్ళయిన కొత్తనుంచి అడగాలనుకుంటున్నది. మా ఆయన్ని ఎన్ని విధాల అడిగినా నేల చూపులే తప్ప జవాబు లేనిది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

ఆవిడే మొదలుపెట్టింది. "పోయినతని సంగతి వాళ్ళు ఒక్కసారే అడిగారండీ. తర్వాతంతా మీ ఆయన గురించే. మీ ఇద్దరికీ ఏమిటి, ఎన్నాళ్ళనుంచి, ఆ గదిలో ఏం చేసేవాళ్ళు అని. ఒకళ్ళు అలిసిపోతే ఇంకొకళ్ళు వచ్చి అదే. కన్ను మూతపడితే తట్టి లేపి మళ్ళీ అదే. ఉందని రాసిచ్చినా సరే, లేదని రాసిచ్చినా సరే, రాసిస్తే నిద్రపోనిస్తామన్నారు."

"ఏం చెప్పారు?"

"ఏమీ చెప్పలేదు. ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు. లేదని చెప్పడానికి కూడా వాళ్ళెవరండీ?" గోడకి తల ఆనించింది. "మీరు వేరు. మీరు అడగొచ్చు. అడిగితే నిజం చెప్తాను. అందుకే ఇక్కడికి వచ్చాను. అడగండి."

ఆవిడ కళ్ళు మూతపడుతున్నాయి. మూతపడ్డప్పుడల్లా ఉలిక్కిపడి తెరుస్తోంది. తెరిచి, నేను అడిగానేమోనని నా వైపు చూస్తోంది. నా ప్రశ్న నోట్లోనే ఉంది, పెదవుల దాకా వచ్చింది. ఒక్క మాట. అడిగితే చాలు, జవాబు నా చేతికి వస్తుంది, ఈ జన్మకి ఇంకెవరూ ఇవ్వరు. కానీ ఆ కుర్చీలో, ఆ మంచం ఎదురుగా, ఆవిడ నన్ను చూస్తున్న చూపులో, నేను ఆ వరసలో ఇంకొకదాన్ని. వాళ్ళు అలిసిపోతే వచ్చినదాన్ని.

కుర్చీ వెనక్కి జరిపి లేచాను. "పడుకోండి," అన్నాను.

"అడగరా?"

"అడగను. నాకు ఒళ్ళు మండిపోతోంది. అయినా అడగను. ముందు నిద్రపోండి మీరు."

దుప్పటి కప్పేలోగానే నిద్రపోయింది. చప్పుడు చెయ్యకుండా బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. మా ఆయన పాల గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఏమడిగావు?" అన్నాడు.

"ఏమీ అడగలేదు."

"ఏమీ?"

"ఏమీ."

ఆయన ఊపిరి వదిలాడు. మొహం ఒక్కసారి తేలికపడింది, నేను చూశాను. పోలీసుల కవరు కూడా నన్ను అంతగా కాల్చలేదు. తలుపు నా వెనకే ఉంది, తోస్తే తెరుచుకుంటుంది, తట్టి లేపితే ఆవిడ లేస్తుంది, అడిగితే చెప్తుంది. నేను ఆయన చేతిలోంచి పాల గ్లాసు తీసుకుని, "మెల్లగా మాట్లాడండి, ఆవిడ నిద్రపోతోంది," అని చెప్పి, ఆ తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.